ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ప్రివ్యూ మధ్యలోనే ఎందుకు ఆగిపోతుంది? కొత్తగా నేర్చుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మోషన్ గ్రాఫిక్స్ నేర్చుకుంటున్నవాళ్లకి మొదటి వారంలో ఎదురయ్యే ఇబ్బంది దాదాపు అందరికీ ఒకటే. అడోబ్ సంస్థ తయారుచేసిన యానిమేషన్ సాఫ్ట్‌వేర్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో కష్టపడి పేర్లు కదిలిస్తారు, పూలు రాలుస్తారు, వెనక సన్నాయి పెడతారు. తీరా స్పేస్ బార్ నొక్కితే ప్రివ్యూ నత్తనడక నడుస్తుంది, లేదా సగంలో ఆగి మళ్లీ మొదటికి వచ్చేస్తుంది. "నా సిస్టమ్ దీనికి పనికిరాదు" అనుకుని అక్కడే వదిలేసినవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో మంచి పనితనం ఉన్నవాళ్లు ఉన్నారు. అందుకే నన్ను పదే పదే అడిగిన ప్రశ్నలన్నీ ఒకచోట పెడుతున్నాను.

అన్నిచోట్లా ఒకే ఉదాహరణ వాడతాను: వాట్సాప్‌లో పంపడానికి చేసే పెళ్లి శుభలేఖ వీడియో. నిలువు ఫ్రేము, 1080 బై 1920, సెకనుకు 25 ఫ్రేములు, నిడివి 90 సెకన్లు.

ప్రివ్యూ సగంలో ఆగి మళ్లీ మొదటి నుంచి వస్తోంది. నా ప్రాజెక్ట్ పాడైందా?

పాడవలేదు. ప్రివ్యూ చూపించడానికి సాఫ్ట్‌వేర్ ఒక్కో ఫ్రేమునూ తయారుచేసి ర్యామ్‌లో దాస్తుంది. దాచినవాటిని వరుసగా ఆడిస్తుంది. 25.2కి ముందు వెర్షన్లలో ర్యామ్‌లో చోటు అయిపోతే కొత్త ఫ్రేములు దాచలేదు కాబట్టి, అప్పటిదాకా దాచినవాటినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది (కొత్త వెర్షన్‌లో వచ్చిన మార్పు కింద డిస్క్ క్యాష్ ప్రశ్న దగ్గర చెబుతాను).

ఎండాకాలం డాబా మీద గుడ్డ పరిచి వడియాలు పెట్టడం చూసే ఉంటారు. గిన్నెలో పిండి ఇంకా ఉన్నా, గుడ్డ నిండితే చెయ్యి ఆపాల్సిందే. పిండికి ఏమీ కాలేదు, పరిచిన గుడ్డ అంతవరకే ఉంది. మీ ప్రివ్యూ 34వ సెకను దగ్గర ఆగిందంటే మీ గుడ్డ అక్కడికి నిండిందన్నమాట. 35 నుంచి 90 వరకు మీరు చేసిన పని చెక్కుచెదరకుండా టైమ్‌లైన్‌లోనే ఉంటుంది.

ఫైనల్ వీడియో బయటికి తీసేటప్పుడు (దీన్నే రెండర్ అంటారు) ఈ హద్దు అడ్డురాదు. అప్పుడు ఒక ఫ్రేము తయారవగానే ఫైల్లోకి రాసేసి తర్వాతి ఫ్రేముకి వెళ్లిపోతుంది. అన్నిటినీ ఒకేసారి ర్యామ్‌లో పట్టుకుని కూర్చోవాల్సిన అవసరం ఉండదు. ప్రివ్యూలో 34 సెకన్లే కనిపించినా రెండర్‌లో 90 సెకన్లూ వస్తాయి. ఈ ఒక్క సంగతి తెలియక రాత్రంతా టెన్షన్ పడినవాళ్లు ఉన్నారు.

నా కంప్యూటర్‌లో 4కె సినిమా హాయిగా ఆడుతుంది. చిన్న టెక్స్ట్ యానిమేషన్‌కి ఎందుకు ఆయాసపడుతోంది?

సినిమా ఫైల్లో ఫ్రేములన్నీ ఎప్పుడో తయారైపోయి, నొక్కి ప్యాక్ చేసి ఉంటాయి. ప్లేయర్ ఆ ప్యాకెట్ విప్పి చూపిస్తుంది, అంతే. పైగా ఆ విప్పే పని కోసమే గ్రాఫిక్స్ చిప్‌లో విడిగా ఒక భాగం ఉంటుంది.

మీ టైమ్‌లైన్‌లో ఫ్రేములు ఇంకా పుట్టలేదు. పెళ్లికూతురు పేరు ఎక్కడుండాలి, దాని నీడ ఎటు పడాలి, గ్లో ఎంత వెలగాలి, రాలుతున్న మల్లెపూలు ఈ క్షణంలో ఎక్కడున్నాయి... ఇవన్నీ లెక్కగట్టి, ఒకదానిమీద ఒకటి పేర్చి, ఒక్క బొమ్మ తయారుచేయాలి. సెకనుకు అలాంటివి 25. ఒక్కో ఫ్రేముకి అర సెకను పట్టినా, ఒక సెకను వీడియోకి పన్నెండున్నర సెకన్లు కావాలి.

ప్రీమియర్ లాంటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేరు. అక్కడ ఎక్కువగా ఉన్న క్లిప్పులనే కోసి అతికిస్తాం కాబట్టి అప్పటికప్పుడు ఆడించగలుగుతుంది, అందుకోలేకపోతే మధ్యలో కొన్ని ఫ్రేములు వదిలేసి ముందుకెళ్తుంది. ఎడిటింగ్ నుంచి వచ్చినవాళ్లకి ఆఫ్టర్ ఎఫెక్ట్స్ మొండిగా అనిపించేది ఇందుకే.

నా సిస్టమ్‌లో ఎన్ని సెకన్ల ప్రివ్యూ పడుతుందో ముందే లెక్కేసుకోవచ్చా?

వేసుకోవచ్చు, తప్పకుండా ఒక్కసారైనా వేసుకోండి. కాగితం మీద ఈ లెక్క చేసినరోజు ప్రివ్యూ అంటే భయం పోతుంది.

మన శుభలేఖ ఫ్రేములో 1080 బై 1920, అంటే 20,73,600 పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కి నాలుగు సంఖ్యలు దాచాలి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పారదర్శకత. మామూలుగా ప్రాజెక్ట్ 8 బిట్‌లో ఉంటుంది కాబట్టి ఒక్కో సంఖ్యకి ఒక బైట్. నాలుగుతో గుణిస్తే 82,94,400 బైట్లు. ఒక్క ఫ్రేముకి సుమారు 8 ఎంబీ అనుకోండి.

సెకనుకు 25 ఫ్రేములు కాబట్టి సెకనుకు 200 ఎంబీ. 90 సెకన్లకి దాదాపు 18 జీబీ. బయటికొచ్చే ఎంపీ4 ఫైల్ 30, 40 ఎంబీ ఉండొచ్చు, ర్యామ్‌లో మాత్రం అదే వీడియో 18 జీబీ. ఎందుకంటే ర్యామ్‌లో ఫ్రేములు నొక్కకుండా, విప్పి ఆరబెట్టినట్టుగా ఉంటాయి.

ఇప్పుడు మీ కంప్యూటర్ సంగతి. 16 జీబీ ర్యామ్ ఉందనుకుందాం. విండోస్‌కీ బ్రౌజర్‌కీ కలిపి 5 వదిలితే 11 మిగిలింది. సాఫ్ట్‌వేర్ తన పనికీ, మీరు తెచ్చిన ఫొటోలకీ ఇంకో 3 వాడుకుంటే ప్రివ్యూకి మిగిలేది 8. సెకనుకు 200 ఎంబీ చొప్పున 8 జీబీకి 40 సెకన్లు. మీ ప్రివ్యూ 34 దగ్గరో 42 దగ్గరో ఆగడంలో వింత లేదని ఇప్పుడు తెలిసిందిగా.

ప్రాజెక్ట్‌ని 16 బిట్‌కి మారిస్తే ఇదే ఫ్రేము 16 ఎంబీ, 32 బిట్‌కి మారిస్తే 33 ఎంబీ. 40 సెకన్లు కాస్తా 20కి, ఆ తర్వాత 10కి పడిపోతాయి. ప్రాజెక్ట్ ప్యానెల్ కింద "8 బీపీసీ" అని ఒక బటన్ ఉంటుంది. ఆల్ట్ పట్టుకుని దానిమీద క్లిక్ చేస్తే బిట్ మారిపోతుంది. చెయ్యి తగిలి మారిపోయిన సందర్భాలు చూశాను, ఒకసారి అక్కడ కన్ను వేయండి. 4కె కాంపొజిషన్ (మీ వీడియోలోని ఒక సీన్ పేర్చుకునే చోటు) అయితే పిక్సెళ్లు నాలుగు రెట్లు కాబట్టి 8 బిట్‌లోనే ఒక్క ఫ్రేము 33 ఎంబీ.

లెక్క ప్రకారం 40 సెకన్లు రావాలి. నాకు సరిగ్గా 5 సెకన్ల దగ్గరే ఆగుతోంది.

అలా ప్రతిసారీ సరిగ్గా ఒకే అంకె దగ్గర ఆగితే ర్యామ్‌ని అనుమానించకండి. వర్క్ ఏరియా చూడండి. టైమ్‌లైన్ పైన బూడిదరంగు పట్టీ ఉంటుంది, దాని రెండు చివర్లలో పట్టుకునే కొనలుంటాయి. ప్రివ్యూ ఆ పట్టీ ఉన్నంతవరకే ఆడుతుంది. బి నొక్కితే మీరున్న చోట పట్టీ మొదలవుతుంది, ఎన్ నొక్కితే అక్కడ ముగుస్తుంది. ఎన్ అక్షరం పొరపాటున నొక్కడం కొత్తవాళ్లకి చాలా మామూలు. పట్టీ మీద డబుల్ క్లిక్ చేస్తే మళ్లీ మొత్తం నిడివికి సాగుతుంది.

ప్రివ్యూ ప్యానెల్‌లో రేంజ్ అనే చోట ఏముందో కూడా చూడండి. అక్కడ "ప్లే అరౌండ్ కరెంట్ టైమ్" ఉంటే మీరున్న చోటుకి అటూ ఇటూ కాస్తే ఆడుతుంది.

మరి ర్యామ్ చాలక ఆగిందని ఎలా తెలుస్తుంది? ఆ ఆకుపచ్చ గీత ఏమిటి?

ఆ గీతే చెబుతుంది. టైమ్‌లైన్ అంకెల కింద సన్నగా ఆకుపచ్చ గీత కనిపిస్తే, అక్కడి ఫ్రేములు ర్యామ్‌లో సిద్ధంగా ఉన్నాయని అర్థం. నీలం గీత ఉంటే ఆ ఫ్రేములు డిస్క్‌లో దాచి ఉన్నాయి. గీత లేని చోట ఇంకా ఏమీ తయారవలేదు.

స్పేస్ బార్ నొక్కి చేతులు కట్టుకుని ఒక్కసారి ఆ గీతనే చూడండి. ఎడమ నుంచి కుడికి ఆకుపచ్చ పాకుతూ వెళ్తుంది. వినాయకుడి బొమ్మ దగ్గర గబగబా వెళ్తుంది. పేర్ల దగ్గర గ్లో ఉంది, అక్కడ కాళ్లు బరువెక్కినట్టు నెమ్మదిస్తుంది. పూలు రాలే చోట ఒక్కో ఫ్రేమూ లెక్కపెట్టొచ్చు, అంత నిదానం. ఆ తర్వాత ముహూర్తం వివరాలు, అక్కడ మళ్లీ పరుగు. 34 దగ్గర గీత ఆగుతుంది, వర్క్ ఏరియా ఇంకా మిగిలే ఉంటుంది, ప్రివ్యూ మొదటికి పోతుంది. అదీ ర్యామ్ నిండడమంటే. ఆగిన చోటు ఎప్పుడూ ఒకే అంకె మీద ఉండదు, బ్రౌజర్ మూసేస్తే ఇంకొంచెం ముందుకి జరుగుతుంది.

ఏదైనా లేయర్‌ని (ఒకదానిమీద ఒకటి పేర్చిన పొరల్లో ఒకదాన్ని) మారిస్తే ఆ లేయర్ కనిపించే ఫ్రేముల దగ్గర మాత్రమే ఆకుపచ్చ చెరిగిపోతుంది, మిగతావి ఉంటాయి. మార్పు నచ్చక అన్‌డూ చేస్తే పోయిన ఆకుపచ్చ చాలాసార్లు తిరిగి వచ్చేస్తుంది. పాత ఫ్రేముల్ని వెంటనే పారేయకుండా అట్టేపెట్టే ఈ ఏర్పాటు 2012లో వచ్చిన సీఎస్6 వెర్షన్ నుంచి ఉంది.

మొదటిసారి నెమ్మదిగా, రెండోసారి సరిగ్గా ఆడుతోంది. ఏది నిజమైన వేగం?

రెండోది. మొదటిసారి ఫ్రేములు తయారవుతూ ఆడుతున్నాయి. గీత పూర్తిగా ఆకుపచ్చగా మారాక ఆడేదే అసలు వేగం. ఇన్ఫో ప్యానెల్‌లో వేగం అంకెల్లో కనిపిస్తుంది, సెకనుకు 25 అందుకోలేకపోతే అక్కడే ఎర్రగా రియల్‌టైమ్ కాదని చూపిస్తుంది. ఆ ఎరుపు ఉన్నంతసేపూ టైమింగ్ గురించి ఏ నిర్ణయమూ తీసుకోకండి. నెమ్మదిగా ఆడుతున్న ప్రివ్యూని చూసి "పేరు ఆలస్యంగా వస్తోంది" అని కీఫ్రేములు (కదలిక ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో చెప్పే గుర్తులు) దగ్గరికి జరిపేస్తారు. రెండర్ అయ్యాక చూస్తే పేరు రెప్పపాటులో వచ్చి వెళ్లిపోతుంది. నేర్చుకునేవాళ్ల పనిలో తొందరపాటు యానిమేషన్ కనిపిస్తే ముందు నేను అడిగేది ఇదే: ఆకుపచ్చ నిండాక చూశావా?

నెమ్మది ప్రివ్యూ చూడటం ఇష్టం లేకపోతే ప్రివ్యూ ప్యానెల్‌లో "క్యాష్ బిఫోర్ ప్లేబ్యాక్" టిక్ పెట్టుకోండి. ముందు ఫ్రేములన్నీ తయారుచేసుకుని, తర్వాతే ఆడిస్తుంది.

రిజల్యూషన్ హాఫ్ పెడితే ఫైనల్ వీడియో మసకగా వస్తుందా?

రాదు, ఒక్క సందర్భంలో తప్ప. అది చెప్పేముందు హాఫ్ ఎంత మేలు చేస్తుందో చూడండి. హాఫ్ అంటే వెడల్పులో సగం, ఎత్తులో సగం. కాబట్టి పిక్సెళ్లు నాలుగో వంతు. 18 జీబీ కావలసిన శుభలేఖకి నాలుగున్నర జీబీ చాలు, 16 జీబీ సిస్టమ్‌లో 90 సెకన్లూ పట్టేస్తుంది. వడియం చిన్నది పెడితే అదే గుడ్డ మీద నాలుగింతలు పట్టినట్టు. థర్డ్‌లో తొమ్మిదో వంతు, క్వార్టర్‌లో పదహారో వంతు. లెక్కగట్టాల్సిన పిక్సెళ్లు తగ్గుతాయి కాబట్టి చాలా ఎఫెక్టులు త్వరగా కూడా తయారవుతాయి.

కదలిక, టైమింగ్, పాటతో కలవడం చూసుకోవడానికి హాఫ్ పుష్కలం. కంట్రోల్, షిఫ్ట్, జె కలిపి నొక్కితే హాఫ్, కంట్రోల్ జె నొక్కితే ఫుల్. అక్షరాల అంచులు, సన్నటి బంగారు గీతలు చూడాల్సినప్పుడు ఫుల్‌కి వచ్చి, ఆ రెండు సెకన్లే ప్రివ్యూ చేసుకోండి.

ఇక ఆ ఒక్క సందర్భం. రెండర్ క్యూలో రెండర్ సెట్టింగ్స్ అనే చోట మామూలుగా "బెస్ట్ సెట్టింగ్స్" ఉంటుంది. అప్పుడు మీరు ప్రివ్యూలో ఏం పెట్టుకున్నా ఫైనల్ ఫుల్‌లోనే వస్తుంది. అక్కడ "కరెంట్ సెట్టింగ్స్" ఎంచుకుంటే మాత్రం ప్రివ్యూలో ఉన్న హాఫ్ ఫైనల్‌కి కూడా అంటుకుంటుంది, వీడియో 540 బై 960 వస్తుంది. డెలివరీకి ముందు ఆ గడి ఒకసారి చదవండి.

జూమ్ 50 శాతం పెట్టాను. అది హాఫ్ కాదా?

కాదు. జూమ్ అంటే మీరు దూరంగా నిలబడి చూస్తున్నట్టు, ఫ్రేము మాత్రం పూర్తి సైజులోనే తయారవుతుంది. ర్యామ్ ఏమీ ఆదా కాదు. పక్కనే ఉన్న రిజల్యూషన్ మెనూలో మార్చాలి. అందులో ఆటో పెడితే జూమ్‌ని బట్టి రిజల్యూషన్ తనే తగ్గించుకుంటుంది, కొత్తవాళ్లకి అది మంచి సెట్టింగ్.

ప్రివ్యూ ప్యానెల్‌లో స్కిప్ అనే గడి ఏం చేస్తుంది?

1 పెడితే ఒక ఫ్రేము తయారుచేసి ఒకటి వదిలేస్తుంది. సగం పని, సగం ర్యామ్. కదలిక కాస్త కుదుపుగా కనిపిస్తుంది, వేగం మాత్రం సరిగ్గానే ఉంటుంది. పెద్ద సీన్ వరస చూసుకోవడానికి పనికొస్తుంది. పని అయ్యాక మళ్లీ 0కి తేవడం మరిచిపోకండి.

ప్రివ్యూలో పాట వినిపించడం లేదు.

ప్రివ్యూ అసలు వేగం అందుకోకపోతే ఆడియోని మ్యూట్ చేసే ఆప్షన్ ప్రిఫరెన్సెస్‌లోని ప్రివ్యూస్‌లో ఉంటుంది. ఆకుపచ్చ నిండాక మళ్లీ ఆడిస్తే వినిపిస్తుంది. ప్రివ్యూ ప్యానెల్‌లో స్పీకర్ బొమ్మ ఆపేసి ఉందేమో కూడా చూడండి.

లిరికల్ వీడియో చేసేవాళ్లకి ఒక మాట. పదాలు ఎక్కడ పడాలో గుర్తుపెట్టుకోవడానికి బొమ్మతో పని లేదు. నంబర్ ప్యాడ్ మీద చుక్క నొక్కితే ఆడియో మాత్రమే ఆడుతుంది, ఎంత పాత సిస్టమ్‌లోనైనా ఆగదు. పాట వింటూ, ఆడియో లేయర్ సెలెక్ట్ చేసి, తాళం పడిన చోటల్లా నంబర్ ప్యాడ్ మీద నక్షత్రం గుర్తు నొక్కుతూ పోండి. ప్రతి చోటా ఒక మార్కర్ పడుతుంది. తర్వాత అక్షరాల్ని ఆ మార్కర్ల దగ్గరికి జరుపుకుంటే చాలు. పాట మొత్తం బొమ్మతో సహా ప్రివ్యూ చేయాల్సిన అవసరమే రాదు.

గ్రాఫిక్స్ కార్డ్ కొనాలా, ర్యామ్ కొనాలా?

ప్రివ్యూ నిడివి తక్కువ అవుతోందన్నదే మీ ఇబ్బంది అయితే ముందు ర్యామ్. ఇది నేను డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్న విషయం. నా ప్రివ్యూ ఇరవై సెకన్లు దాటడం లేదని ఒక షాపులో చెబితే, వివరం అడగకుండానే గ్రాఫిక్స్ కార్డ్ మార్చమన్నారు. రెండు నెలల సంపాదన పెట్టి కొన్నాను. ఇంటికొచ్చి బిగించి, అదే ప్రాజెక్ట్ తెరిచి స్పేస్ బార్ నొక్కితే అదే ఇరవై సెకన్లు. కార్డ్ మంచిదే, కొన్ని ఎఫెక్టులు త్వరగా అయ్యాయి. గుడ్డ మాత్రం వెడల్పు కాలేదు. అందులో పావు వంతు ఖర్చుతో ఇంకో ర్యామ్ స్టిక్ వేసి ఉంటే సరిపోయేది. అప్పటికి ఆ తేడా చెప్పినవాళ్లు లేరు. మీకు అలా జరగకూడదనే ఇంత వివరంగా చెబుతున్నాను.

ఆకుపచ్చ గీత చివరిదాకా వెళ్తోంది గానీ పాకడం మరీ నెమ్మది అంటారా, అప్పుడు ప్రాసెసర్, కార్డ్ సంగతి ఆలోచించాలి. 2021 అక్టోబర్‌లో వచ్చిన 22.0 వెర్షన్ నుంచి ఒకేసారి కొన్ని ఫ్రేముల్ని ప్రాసెసర్‌లోని వేర్వేరు కోర్‌ల మీద తయారుచేస్తుంది కాబట్టి ఎక్కువ కోర్‌లు ఉంటే లాభం. అన్ని కోర్‌లకీ మేత వేయాలన్నా మళ్లీ ర్యామ్ కావాలి. అడోబ్ కూడా కనీసం 16 జీబీ ఉండాలని, 32 ఉంటే మంచిదని చెబుతుంది.

కొత్తగా ఏమీ కొనలేను. ఉన్న ర్యామ్‌లో ఇంకొంచెం దొరుకుతుందా?

దొరుకుతుంది. ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్, అందులో మెమరీ అండ్ పెర్ఫార్మెన్స్ తెరవండి. మిగతా ప్రోగ్రాములకి ఎంత ర్యామ్ వదలాలో అక్కడ ఒక అంకె ఉంటుంది. దాన్ని కాస్త తగ్గిస్తే ఆ మేరకు ప్రివ్యూ పెరుగుతుంది. మరీ తగ్గించకండి, విండోస్‌కి ఊపిరాడకపోతే సిస్టమ్ అంతా బిగుసుకుపోతుంది. నాలుగు జీబీకి తక్కువ వదలడం నాకు ఇష్టముండదు.

బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులు తెరిచి ట్యుటోరియల్ చూస్తూ పని చేయడం అందరికీ అలవాటు. ఆ ట్యుటోరియల్ ఫోన్‌లో చూడండి. చాలాసేపు పనిచేశాక ప్రివ్యూ పొట్టిగా మారితే ఎడిట్ మెనూలో పర్జ్ కింద ఆల్ మెమరీ ఎంచుకోండి. దాచిన పాత ఫ్రేములు పోతాయి, మీ పని పోదు.

అన్నిటికన్నా పెద్ద లాభం అలవాటులో ఉంది. 90 సెకన్ల శుభలేఖని ఒకే ముద్దగా చేయకుండా, వినాయకుడు, పేర్లు, ముహూర్తం, వేదిక అని విడి కాంపొజిషన్లుగా చేయండి. ఒక్కోటీ పది, పదిహేను సెకన్లు. ఏ ముక్కనైనా ఫుల్ రిజల్యూషన్‌లో చూసుకోవచ్చు. చివర్లో అన్నిటినీ ఒక పెద్ద కాంపొజిషన్‌లో వరుసగా పెట్టి, హాఫ్‌లో అతుకులు మాత్రం చూసుకుంటే సరి.

డిస్క్ క్యాష్ ఉంటే ర్యామ్ అవసరం తీరదా?

చాలాకాలం తీరలేదు. డిస్క్‌లో నీలం గీతగా దాచిన ఫ్రేములు మళ్లీ తయారుచేసే పని తప్పించేవి, నిజమే. ఆడాలంటే మాత్రం తిరిగి ర్యామ్‌లోకే రావాలి, నిడివికి మళ్లీ ర్యామే హద్దు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన 25.2 వెర్షన్‌తో ఇది మారింది. ర్యామ్‌నీ డిస్క్‌నీ కలిపి వాడుకుంటూ, ర్యామ్‌లో పట్టనంత పొడుగు కాంపొజిషన్‌ని కూడా ఆడించగలుగుతోంది. తక్కువ ర్యామ్ ఉన్నవాళ్లకి ఇన్నేళ్లలో వచ్చిన మంచి మార్పు ఇదేనని నా అభిప్రాయం. పాత వెర్షన్‌లో ఉండి ఇబ్బంది పడుతుంటే అప్‌డేట్ చేసి చూడండి.

అయితే డిస్క్ వేగంగా ఉండాలి. మన లెక్క గుర్తుందిగా, నొక్కకుండా అయితే సెకనుకు 200 ఎంబీ. గుండ్రంగా తిరిగే పాత హార్డ్ డిస్క్ సెకనుకు వంద, నూటయాభై ఎంబీ చదవడమే గొప్ప. సాటా ఎస్ఎస్‌డీ 500 దాకా ఇస్తుంది, ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీ అయితే వేలల్లో. డిస్క్ క్యాష్‌ని హార్డ్ డిస్క్ మీద పెట్టి "కొత్త వెర్షన్ కూడా ఇంతే" అనుకోవద్దు.

సీ డ్రైవ్ నిండిపోతోంది. దానికీ ప్రివ్యూకీ సంబంధం ఉందా?

ఉంది. డిస్క్ క్యాష్ మామూలుగా సీ డ్రైవ్‌లోనే చేరుతుంది, పదుల జీబీలు తినేస్తుంది. ప్రిఫరెన్సెస్‌లో మీడియా అండ్ డిస్క్ క్యాష్ తెరిచి ఫోల్డర్ మార్చుకోవచ్చు, గరిష్ఠ సైజు పెట్టుకోవచ్చు, అక్కడే ఖాళీ కూడా చేయొచ్చు. ఖాళీ చేస్తే ప్రాజెక్ట్‌కి నష్టం లేదు, ఫ్రేములు మళ్లీ తయారవ్వాలంతే.

ఫోన్‌తో తీసిన వీడియో పెట్టగానే ప్రివ్యూ కుంటుతోంది.

ఫోన్ వీడియో హెచ్.264లోనో హెచ్.265లోనో ఉంటుంది. ఆ పద్ధతిలో అన్ని ఫ్రేములూ పూర్తిగా ఉండవు. ఒకటి పూర్తి బొమ్మ, తర్వాతివాటిలో మారిన సంగతులు మాత్రమే. 57వ ఫ్రేము కావాలంటే వెనక్కి వెళ్లి పూర్తి బొమ్మ నుంచి కట్టుకుంటూ రావాలి. వరసగా చూడటానికి అది బాగుంటుంది, అటూ ఇటూ గెంతే యానిమేషన్ పనికి బరువు. పైగా చాలా ఫోన్లు సెకనుకు ఫ్రేముల సంఖ్యని మధ్యలో మారుస్తుంటాయి, దాంతో మాటకీ పెదవికీ కుదరదు.

అడోబ్ వారి మీడియా ఎన్‌కోడర్ సాఫ్ట్‌వేర్‌లో వేసి స్థిరమైన ఫ్రేమ్ రేటుతో, ప్రతి ఫ్రేమూ పూర్తిగా ఉండే ప్రోరెస్ ఫార్మాట్‌కి మార్చుకుంటే రెండు బాధలూ పోతాయి. ఫైల్ సైజు బాగా పెరుగుతుంది, సిద్ధంగా ఉండండి. లేదా ప్రాజెక్ట్ ప్యానెల్‌లో ఆ క్లిప్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాక్సీ తయారుచేసుకోండి. పనిచేసేటప్పుడు చిన్న కాపీ వాడుతుంది. ఫైనల్‌కి ముందు రెండర్ సెట్టింగ్స్‌లో ప్రాక్సీలు వాడొద్దని ఉందో లేదో చూసుకోవాలి.

ఏ లేయర్ బరువుగా ఉందో ఎలా కనుక్కోవాలి?

టైమ్‌లైన్ కింద ఎడమవైపు నత్త బొమ్మ ఉంటుంది, దాన్ని నొక్కండి. 22.0 నుంచి ఉంది. ఒక్కో లేయర్‌కి, ఒక్కో ఎఫెక్ట్‌కి ఆ ఫ్రేములో ఎంత సమయం పట్టిందో పక్కనే కనిపిస్తుంది. ఒకమ్మాయి తెచ్చిన శుభలేఖలో నలభై లేయర్లున్నాయి, ఫ్రేముకి దాదాపు రెండు సెకన్లు పడుతోంది. నత్త నొక్కి చూస్తే అందులో సింహభాగం ఒకే ఒక్క లేయర్‌ది: వెనక మసకగా కనిపించే గుడి ఫొటో. కెమెరాలోంచి వచ్చిన ఆరు వేల పిక్సెళ్ల ఫొటోని తెచ్చి, చిన్నది చేసి, దానిమీద పెద్ద బ్లర్ వేసింది. ఫొటోషాప్‌లో ఆ ఫొటోని ముందే ఫ్రేము సైజుకి తగ్గించి, బ్లర్ కూడా అక్కడే వేసి తెచ్చాం. కంటికి ఏ తేడా లేదు, ఆకుపచ్చ గీత మాత్రం పరుగెత్తింది.

మోషన్ బ్లర్, గ్లో, పార్టికల్స్ (రాలే పూల లాంటివి) బరువైనవి. పని నడుస్తున్నంతసేపు వాటి స్విచ్‌లు ఆపేసి, చివర్లో వేసుకోండి. మార్పులు ఇక రావనుకున్న భాగాన్ని ప్రీరెండర్ చేసి వీడియోగా పెట్టేసుకోవచ్చు.

ప్రివ్యూ అసలు కదలడమే లేదు, చుట్టూ ఎర్ర గీత వచ్చింది.

క్యాప్స్ లాక్ ఆన్‌లో ఉంది. ఆపండి.

బ్లెండర్, ఫ్యూజన్‌లలో ఈ హద్దులు ఉండవా?

ఉంటాయి, రూపం వేరు. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని ఫ్యూజన్ కూడా ఫ్రేముల్ని ర్యామ్‌లో దాచుకుని ఆకుపచ్చ గీతే చూపిస్తుంది, దానికి ఎంత ర్యామ్ ఇవ్వాలో ప్రిఫరెన్సెస్‌లో పెట్టుకోవాలి. 3డీ సాఫ్ట్‌వేర్ అయిన బ్లెండర్ తన వ్యూపోర్ట్‌లో (సీన్ కనిపించే కిటికీలో) ప్రతి ఫ్రేమునీ అప్పటికప్పుడు గీస్తుంది, అందుకోలేకపోతే యానిమేషన్ నెమ్మదిస్తుంది. టైమ్‌లైన్‌లోని ప్లేబ్యాక్ మెనూలో సింక్ దగ్గర ఫ్రేమ్ డ్రాపింగ్ పెడితే ఫ్రేములు వదిలేసి అయినా సమయం పాటిస్తుంది.

క్లయింట్ పక్కనే కూర్చున్నారు, మొత్తం వీడియో ఒక్క బిగిన చూపించమంటున్నారు. ఏం చేయాలి?

ప్రివ్యూలో చూపించకండి. ఆగిపోయే ప్రివ్యూ చూస్తే పెళ్లివారికి మీ పని మీద నమ్మకం పోతుంది, మీ తప్పేమీ లేకపోయినా. వాళ్లు వచ్చే అరగంట ముందే కంట్రోల్ ఎమ్ నొక్కి రెండర్ క్యూలో వేయండి. రెండర్ సెట్టింగ్స్‌లో రిజల్యూషన్ హాఫ్ పెట్టండి. 2022 అక్టోబర్‌లో వచ్చిన 23.0 వెర్షన్ నుంచి హెచ్.264 ఫైల్‌ని ఇక్కడినుంచే తీయొచ్చు. 90 సెకన్ల వీడియో చిన్న ఎంపీ4గా వస్తుంది. దాన్ని ఫోన్‌లోకి పంపి, ఫోన్‌లోనే చూపించండి. వాళ్ల చుట్టాలు చూసేది కూడా ఆ తెర మీదే కాబట్టి అక్షరాలు చదవగలుగుతున్నారో లేదో కూడా అప్పుడే తెలిసిపోతుంది. ఇంటిపేరు తప్పు పడిందనో, ముహూర్తం నిమిషాలు మారాయనో అక్కడికక్కడే చెబుతారు. అవి రాసుకుని, ఆ ముక్క ఉన్న కాంపొజిషన్ తెరిచి, ఆ నాలుగు సెకన్లకి మాత్రం బి, ఎన్ పెట్టుకుని సరిచేయండి.